కాస్త జరుగమ్మా!

మా కెమిస్ట్రీ మేడంకి ఏదైనా ఉన్నచోట ఉంటే తోచదు. బెంచీ కానీ, బీరువా కానీ, మనిషి కానీ, రెండడుగులు పక్కకి జరిపితేగాని ఆవిడ ప్రాణం కుదుటపడదు. "కాస్త జరుగమ్మా" అన్నది ఆవిడ ఊతపదం. అందుకే బడంతా ఆవిడని జరుగమ్మ మేడం అనేది. ల్యాబ్ అటెండరు రోజూ పొద్దున్నే "ఇవాళ ఆమ్లాలు ఏ గోడకున్నాయి మేడం?" అని అడిగి, జవాబు విన్నాకే లోపల అడుగు పెట్టేవాడు.

స్టాఫ్ రూములో ఒకసారి హెడ్మాస్టరు గారు ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ వెనక్కి చూడకుండా తన కుర్చీలో కూర్చోబోయారు. కుర్చీ అంతకు రెండు నిమిషాల ముందే కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది. ఆయన నేల మీద కూర్చుని పైకి చూస్తే, జరుగమ్మ మేడం చెయ్యందిస్తూ, "అక్కడ గాలి రాదు సార్, అందుకే జరిపాను" అన్నారట.

ఇలాంటి మనిషి చేతిలో మా అమ్మాయిల క్రికెట్ జట్టు పడింది. ఆటల మాస్టారు అబ్బాయిల జట్టుతో ఊళ్ళు తిరుగుతుంటే, మమ్మల్ని చూసుకోవడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. మేడం వచ్చారు. క్రికెట్ గురించి ఆవిడకి తెలిసినవి రెండే. ఒకటి, జట్టులో పదకొండు మంది ఉంటారు. రెండు, వాళ్ళని జరపొచ్చు.

నేను కెప్టెన్ని, వికెట్ కీపర్ని. నా పక్కన స్లిప్‌లో పెన్సిల్ నిలబడేది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది కాబట్టి దానికా పేరు. బ్యాటు అంచు తగిలి వచ్చిన బంతిని పెన్సిల్ పట్టినట్టు ఇంకెవరూ పట్టలేరు. మొదటి మ్యాచ్‌లో మూడు వికెట్లు పడి మాకు కాస్త ఊపు వచ్చేసరికి, గీత అవతల నుంచి కేక వినిపించింది.

"పెన్సిల్! కాస్త జరుగమ్మా! కంచె దగ్గరికి వెళ్ళు!"

మా గ్రౌండుకి మూడు వైపులా గోడ, నాలుగో వైపు ఇనప తీగల కంచె. కంచె అవతల రోడ్డు, బస్టాపు. పెన్సిల్ అంత దూరం పరుగెత్తింది. తరువాతి బంతి అది వదిలి వెళ్ళిన చోటు నుంచే నాలుగు పరుగులకి పోయింది. పది నిమిషాలయ్యాక పెన్సిల్‌ని వెనక్కి పిలిచి, ఇంకొకదాన్ని కంచె దగ్గరికి పంపారు. తరువాత దాన్ని పిలిచి మరొకదాన్ని. ఆవిడ మాత్రం కాలుగాలిన పిల్లిలా గ్రౌండు చుట్టూ తిరుగుతూ, నిమిషానికోసారి చేతి గడియారం చూసుకునేవారు. ఇంటికి ఆలస్యమవుతోందేమో, అంత తొందరైతే రావడమెందుకు అని మేం గొణుక్కునేవాళ్ళం.

అవతలి జట్టు కెప్టెన్ నన్ను జాలిగా అడిగింది. "మీ మేడం ఎవరి వైపు?"

"ఇంకా తేల్చుకోలేదు" అన్నాను.

మూడో మ్యాచ్‌లో ఆవిడ ప్రపంచంలో ఏ కోచూ చెయ్యని పని చేశారు. కీపర్ని జరిపారు. అంటే నన్ను!

"గ్లవ్స్ విప్పి పెన్సిల్‌కి ఇచ్చెయ్. కంచె దగ్గర నిలబడు."

"మేడం, నేను కీపర్ని!"

"అయితే ఏం? కీపరుకి కాళ్ళు లేవా?"

ముక్కు మీద కోపంతో వెళ్ళి, రోడ్డుకి వీపు పెట్టి నిలబడ్డాను. ఆ కోపంలోనే, గాల్లో పైకి లేచి తిన్నగా నా మీదికి వచ్చిన బంతిని వదిలేశాను. దాని వెనకే పడి మోచెయ్యి చీరుకున్నాను. మ్యాచ్ పోయింది. ఆ సాయంత్రం బేకరీ పని నుంచి వచ్చిన అమ్మ వడ్డిస్తూ, "ఏదీ, మోచెయ్యి చూపించు" అంది. పొడుగు చేతుల చొక్కాలో ఉన్న మోచెయ్యి సంగతి ఆవిడకెలా తెలిసిందో! తల్లులకి అన్నీ తెలుస్తాయిలే అనుకుని మందు రాయించుకున్నాను.

ఆరు మ్యాచ్‌ల సీజన్‌లో అయిదు ఓడిపోయాం. హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, "ఆఖరిది కూడా పోతే వచ్చే ఏడు మీ గంటలు అబ్బాయిలకి ఇచ్చేస్తాను. ఇక మీకు గ్రౌండు లేదు" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే జరుగమ్మ మేడం మీద చెప్పాల్సినవన్నీ చెప్పేశాను. ఆయన నడుం సవరించుకుంటూ శ్రద్ధగా విన్నారు. కుర్చీ పోగొట్టుకున్న మనిషికి నా బాధ ఇట్టే అర్థమైంది.

ఆఖరి మ్యాచ్ రోజు మేడం కోసం ఒక కుర్చీ వేయించారు. ఆవిడ అందులోనే కూర్చోవాలి, నోరు విప్పకూడదు. ఇది హెడ్మాస్టరు గారి ఆజ్ఞ. ఆవిడ బుద్ధిగా కూర్చున్నారు. అయిదు ఓవర్లయ్యాక చూస్తే కుర్చీ పది గజాలు పక్కకి వెళ్ళింది. పది ఓవర్లయ్యేసరికి మలుపు తిరిగింది. కూర్చునే, నోరు విప్పకుండానే, ఆవిడ సగం గ్రౌండు చుట్టొచ్చారు.

కానీ మాకు మాత్రం ఎవరి చోటు వాళ్ళకి ఉంది. పెన్సిల్ కదలకుండా నా పక్కనే నిలబడి మూడు క్యాచ్‌లు పట్టింది. చివరి ఓవర్లో మూడు బంతులు మిగిలాయి. వాళ్ళకి మూడు పరుగులు కావాలి, చేతిలో ఒకే వికెట్.

అప్పుడు మేడం లేచి నిలబడ్డారు. గడియారం చూపించారు. పెన్సిల్‌ని చూపించారు. కంచెని చూపించారు. నేను చూడనట్టు నటిస్తే, గాల్లో రెండు చేతులూ పెట్టి స్టీరింగ్ తిప్పడం మొదలుపెట్టారు. పాపం, మతి పోయిందనుకున్నాను.

ఎందుకో తలెత్తాను. బౌలర్ వెనకాల, కంచె అవతల, బస్టాపులో బస్సు ఆగి ఉంది. డ్రైవరు కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, కంచె వెంబడి ఈ చివరి నుంచి ఆ చివరికి వెతుకుతున్నాడు. ఆయన పెన్సిల్ వాళ్ళ నాన్న. నాకు నా మోచెయ్యి గుర్తొచ్చింది. సీజనంతా ఒక్కసారి కళ్ళ ముందు తిరిగింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"పెన్సిల్, కాస్త జరుగు. కంచె దగ్గరికి."

"ఇప్పుడా? నీకు కూడా అంటుకుందా ఆ జబ్బు?"

"వెళ్ళవే బాబూ!"

అది తిట్టుకుంటూ పరుగెత్తింది. సగం దూరంలో దాని తిట్లు ఆగిపోయి, "నాన్నా!" అన్న కేక వినిపించింది.

స్లిప్ ఖాళీ అవడం బ్యాటు పట్టుకున్న అమ్మాయి చూసింది, నవ్వుకుంది. చేసిన పనికి భయమేసి నేనే రెండడుగులు అటు జరిగాను. బౌలర్ బంతి వేసింది. ఆ అమ్మాయి మెత్తగా, ముద్దుగా, పెన్సిల్ ఖాళీ చేసిన చోటికే బంతిని తోసింది. అది నేల తాకకుండా వచ్చి నా గ్లవ్స్‌లో కూర్చుంది.

గెలిచాం! బస్సు హారన్ ఎంతసేపు మోగిందంటే, లోపలి ప్రయాణికులు దిగి డ్రైవరుతో దెబ్బలాడారు. మేడం గ్రౌండులోకి పరుగున వచ్చి నన్ను పట్టుకున్నారు.

"అంతా బాగానే ఉంది కానీ, నువ్వెందుకు జరిగావు? నిన్ను జరగమన్నానా?"

"మా అమ్మ కూడా వచ్చేదా మేడం?"

ఆవిడ తేలు కుట్టిన దొంగలా చూశారు. "వస్తుంది. బేకరీలో రొట్టెలు పొయ్యిలో పెట్టాక ఆవిడకి పన్నెండు నిమిషాలు దొరుకుతాయి. రావడానికి నాలుగు, పోవడానికి నాలుగు. మిగిలిన నాలుగు నిమిషాల్లో పిల్ల ఎక్కడో మధ్యలో చీమంత కనిపిస్తే ఏం లాభం? చప్పుడు చెయ్యొద్దని నేనే చెప్పాను."

"మాకు చెప్పొచ్చు కదా?"

"చెబితే బంతిని చూస్తారా, రోడ్డుని చూస్తారా? అసలే మీ ఆట అంతంతమాత్రం."

"మేడం, ఆ కుర్చీ... నేనే హెడ్మాస్టరు గారికి చెప్పి..."

"తెలుసులే. దానికి ఒక కాలు పొట్టి. ఎక్కడ వేసినా కుదరలేదు" అంటూ గడియారం చూసుకున్నారు.

తరువాత ఫోటో. మమ్మల్ని కంచె ముందు వరసగా నిలబెట్టి మేడం జరపడం మొదలుపెట్టారు. పెన్సిల్ అటు, నేను ఇటు, మళ్ళీ నేను అటు. పావుగంట గడిచింది. ఫోటోగ్రాఫరుకి తల ప్రాణం తోకకొచ్చింది.

"మేడం, వెలుతురు పోతోంది!"

"ఒక్క నిమిషం బాబూ. కాస్త జరుగమ్మా, ఇంకాస్త... ఊఁ, ఇప్పుడు తియ్యి!"

ఆ ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. మేం పదకొండు మందిమీ నవ్వుతున్నాం. నా భుజం వెనకాల, కంచె తీగలు రెండు చేతులా పట్టుకుని, తెల్ల టోపీతో, బుగ్గన పిండితో, ఆయాసపడుతూ అమ్మ నవ్వుతోంది. మేడం మాత్రం ఫోటోలో లేరు. అంచున గడియారం పెట్టుకున్న ఒక చెయ్యి మాత్రం పడింది. అమ్మకి అడ్డం వస్తున్న హెడ్మాస్టరు గారిని అది భుజం పట్టుకుని పక్కకి జరుపుతోంది.