షోకేసు నిండా ఫారిన్ కూజాలు

ఆ రోజుల్లో మా ఇళ్లలో ఏ వస్తువూ ఒక్క చావుతో పోయేది కాదు. మాడిపోయిన బల్బు ఆకుపచ్చ రంగు పూయించుకుని, ఎర్రముక్కు పెట్టించుకుని, చిలకై గుమ్మంలో వేలాడేది. పెళ్లిళ్లయిపోయిన శుభలేఖలు ముక్కలై, పుల్లకి చుట్టుకుని, పూసలై, తలుపుకి తెరగా దిగేవి. కోడిగుడ్డు డొల్లకి మీసాలు దిద్దితే తాతగారు, చిరిగిన నైలాను చీరకి తీగ గుచ్చితే గులాబీ. వారపత్రికలో ఇలాంటివి చేసుకోవడం గురించి అరపేజీ వచ్చిందంటే వీధంతా ఆ కాగితం తిరిగి తిరిగి, చివరికి ఎవరింట్లోనో పకోడీల పొట్లమయ్యేది. అందరికీ ఉన్న పిచ్చే నాకూ ఉండేది గానీ నాకు కాస్త ముదిరింది. ఎంతగా అంటే, మా ఆయన పరువునీ మా ఆడపడుచు పెళ్లినీ కలిపి ఒకే షోకేసులో పెట్టేశాను. తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

బొబ్బిలి దగ్గర పల్లెటూరి నుంచి పెళ్లి చేసుకుని గాజువాక వచ్చాను. మా ఆయన పోర్టులో గుమాస్తా. పొద్దున్నే క్యారేజీ పట్టుకుని బస్సెక్కితే మళ్లీ దీపాలు పెట్టాకే ఇంటికి రావడం. మాది రెండు గదుల వాటా, ముందుగదిలో గోడకి గాజుతలుపుల షోకేసు. అందులో పెట్టడానికి మా దగ్గరున్నవి రెండే వస్తువులు. పెళ్లికొచ్చిన టైంపీసూ, మా ఆయన బళ్లో పరుగుపందెంలో గెలుచుకున్న స్టీలు గ్లాసూ. (ఆ పందెంలో పరిగెత్తింది ముగ్గురేనని తరవాత తెలిసింది.) పక్కవాటాలో ఉండే ఓనరమ్మగారి షోకేసులో మాత్రం ఏటికొప్పాక లక్కబొమ్మలు బారులు తీరి ఉండేవి. ఆవిడ ఓ రోజు మా గదిలోకి తొంగిచూసి, "కాళీగా ఉన్నాదేటమ్మా మీ అలమార" అంది. ఆ పూట నాకు అన్నం సయించలేదు. అసలే కొత్త ఊరు, పలకరించే దిక్కులేదు, సాయంత్రమయ్యేసరికి అమ్మ గుర్తొచ్చి కళ్లు తుడుచుకోవడం, దానికి తోడు ఈ కాళీ అలమార.

అలాంటి రోజుల్లో మా వీధిలోకి సీసాలబండివాడు వచ్చాడు. వాడి బండిలో మామూలు నూనెసీసాల మధ్య కొన్ని వేరే జాతివి మెరుస్తూ కనిపించాయి. ఒకటి నలుపలకలుగా ఉంది, ఒకటి నడుం నొక్కుకుపోయి ఉంది, ఇంకోదాని ఒళ్లంతా గాజులోనే పువ్వులు చెక్కారు. "ఇయ్యేటి బాబూ?" అనడిగితే, "ఫారిన్ సీసాలమ్మా, షిప్పుల్లోంచి దిగినాయి. దొరలు తాగి పారేసినవి" అన్నాడు. దొరలు ఏం తాగుతారో అడగాలని నాకు తోచలేదు. సరబత్తులనుకున్నాను. నవ్వకండి. మా ఊళ్లో కల్లు కుండలో ఉండేది, సారా ఏమో చీకట్లో ముంతల్లో తిరిగేది. సీసా అంటే నాకు తెలిసినవి కిరసనాయిలు, ఆముదం, పిల్లల గ్రైపువాటరు. తాగి తూలేవాళ్ల కోసం అంత అందమైన గాజు ఎవరైనా ఎందుకు పోస్తారు? పాత పేపర్లన్నీ వాడికిచ్చి మూడు తీసుకున్నాను. చింతపండూ బూడిదా వేసి తోమితే లోపల్నుంచి ఏదో పళ్లరసం పులిసిన వాసన వచ్చింది. నా సరబత్తు నమ్మకం ఇంకా గట్టిపడింది.

మొదటిదానికి మెడ నుంచి కింది దాకా పురికొస చుట్టి, బీచిలో ఏరుకొచ్చిన గవ్వలు అంటించి, నీళ్లు పోసి మనీప్లాంటు కొమ్మ పెట్టాను. సాయంత్రం మా ఆయన వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా దానివైపే చూస్తూ నిలబడ్డారు. "ఏటిది?" అన్నారు. "పూలకూజా అండీ, నానే సేసాను. బాగున్నాదా?" అన్నాను. ఆయన ఓసారి సీసాకేసీ ఓసారి నాకేసీ చూసి, "బాగుంది" అని కాళ్లు కడుక్కోడానికి వెళ్లిపోయారు. ఇహ నన్ను ఆపేదెవరు? బండివాడు నాకోసం విడిగా ఏరి తేవడం మొదలెట్టాడు. ఒకదానికి సగ్గుబియ్యం అంటించాను, ఒకదాని మీద ఎనామిల్ పెయింటుతో నెమలిని వేశాను (చూసినవాళ్లంతా కోడి బాగుందన్నారు), ఇంకోటి మరీ అందంగా ఉందని ఏమీ చెయ్యకుండా రంగునీళ్లు పోసి పెట్టాను. ఆ రంగు కూడా చూడండి, టీ డికాక్షను. కొన్నాళ్లకి షోకేసు నిండి, కిటికీ నిండి, వరండా గ్రిల్లుకి కూడా వరసగా వేలాడాయి.

వీధిలో అందరూ నాతో ఉన్నట్టుండి ఎంతో ప్రేమగా ఉండడం మొదలెట్టారు. ఓనరమ్మగారు కూర చేస్తే ఓ గిన్నెడు నాకూ పంపేది. కుళాయి దగ్గర నా బిందె ముందుకు జరిపేవారు. ఓ రోజు ఎదురింటావిడ నా చెయ్యి పట్టుకుని, "రాత్రులు మీ ఆయన బాగానే ఉంతారా అమ్మా?" అనడిగింది. "ఆయనకేటండీ, అన్నం తిని పడుకుంటే మరి లెగరు" అన్నాను. "పడుకుండిపోతారు గదా, అదే నయం" అని ఆవిడ నిట్టూర్చింది. నా పనితనం చూసి ఇంత గౌరవమిస్తున్నారని నేను పొంగిపోయాను. మా ఆయన మాత్రం ఎందుకో ముందువీధి మానేసి వెనక సందులోంచి రావడం మొదలెట్టారు. దగ్గరదారని కాబోలనుకున్నాను.

అప్పుడు మా ఆడపడుచుకి సంబంధం వచ్చింది. ఇంట్లో అందరూ చిట్టి అనేవాళ్లం. కుర్రాడికి స్టీలుప్లాంటులో ఉద్యోగం, కూర్మన్నపాలెంలో ఇల్లు. చిట్టి అతన్ని ఏదో పెళ్లిలో చూసింది, అప్పట్నుంచీ అన్నం ముందు కూర్చుని తనలో తను నవ్వుకుంటోందని మా అత్త కబురు పెట్టింది. మధ్యవర్తి ముందే చెప్పాడు: వాళ్లకి మరే పట్టింపులూ లేవు, తాగుడున్న కొంప మాత్రం వద్దు. వాళ్ల పెద్దమ్మాయిని అలాంటి ఇంట్లో ఇచ్చి ఏడుస్తున్నారట. "దానికేటి భయం? మా ఇంటా వంటా లేదు" అని మా అత్త గుండె మీద చెయ్యేసుకుని చెప్పింది. ముందు పెద్దవాళ్లు వచ్చి చూస్తామన్నారు. వాళ్లకి దగ్గరని చూపులు గాజువాకలో మా ఇంట్లోనే పెట్టుకున్నాం. అత్తా చిట్టీ ఊరి నుంచి దిగారు. నా కూజాలు చూసి అత్త బుగ్గన వేలేసుకుంది. "ఓలమ్మో, ఎంత ఓపికే నీకు!" అంది. ఆవిడా నా బాపతే, బొబ్బిలి మనిషే మరి.

ఆ పొద్దున్న మా ఆయన గొంతు సవరించుకుని, "ఇయ్యన్నీ లోపల పెట్టేద్దామేటి? గది ఇరుగ్గా ఉంది" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "నా సేతులతో సేసినవి మీకు నచ్చవు. ఓనరమ్మగారి బొమ్మలైతే నెత్తిన పెట్టుకుందురు!" అని గిన్నెలు ఎత్తెత్తి పడేశాను, ఏడుపు కూడా మొదలెట్టాను. పెళ్లివారొచ్చే పూట ఇంట్లో ఏడుపేమిటని ఆయన ఊరుకున్నారు. నేను పంతానికి లోపలున్న నాలుగు కూడా తెచ్చి ముందుగదిలో పెట్టాను.

వచ్చినవాళ్లు ముగ్గురు. కుర్రాడి తండ్రీ, తల్లీ, మేనమామ. మేనమామ అంటే ఆ తల్లికి తమ్ముడు, వాళ్లింట్లోనే ఉంటాడు. ముగ్గుర్నీ సరిగ్గా షోకేసుకి ఎదురుగా కూర్చోబెట్టాను. మేనమామ చూపు పై అర నుంచి కింది అర దాకా నెమ్మదిగా దిగింది. మళ్లీ పైకెక్కింది. వంగి, "బావా" అని కుర్రాడి తండ్రి చెవిలో ఏదో అన్నాడు. తండ్రి మొహం బిగుసుకుంది. మెచ్చుకుంటున్నారనుకుని నేను ముందుకొచ్చాను. "అన్నీ ఫారిన్‌వేనండీ. ఇయ్యి కాక వరండాలో కూడా ఉన్నాయి. మా ఆయన సాయం లేకపోతే ఇన్ని ఎక్కడివి?" అని ఆయన్నీ కాస్త పొగిడాను. మా ఆయనకి పొలమారింది. "ఎన్నాళ్లనుంచమ్మా?" అని అడిగింది కుర్రాడి తల్లి, గొంతు తగ్గించి. "కాపరానికొచ్చిన కాడ్నుంచీ అండీ. రోజూ సాయంత్రం ఇదే పని" అన్నాను గర్వంగా. అక్కడితో ఆగానా? నెమలి (లేదా కోడి) వేసిన సీసా తెచ్చి, "మీ ఇంటికి నా గుర్తుగా ఉంచండి" అని ఆవిడ ఒళ్లో పెట్టాను. ఆవిడ దాన్ని తేలుని చూసినట్టు చూసింది. మేనమామ అందుకుని, మూతి దగ్గర ముక్కు పెట్టి, టక్కున కింద పెట్టేశాడు. చిట్టిని చూడకుండానే లేచారు. పళ్లెంలో జంతికలు పెట్టినవి పెట్టినట్టే ఉండిపోయాయి.

గుమ్మం దగ్గర కుర్రాడి తండ్రి మా అత్తతో, "ఇలగ దాసిపెట్టడం బాగులేదమ్మా" అనడం వినిపించింది. అత్త లోపలికొచ్చి కొడుకు ఎదురుగా నిలబడింది. "ఒరే, నువ్వు తాగుతన్నావేట్రా?" అంది. ఆయన తల దించుకున్నారు. నాకు కోపం ముంచుకొచ్చింది. "ఆయన తాగడమేటి అత్తా! ఎవులన్నారు?" అన్నాను. "మరి ఇయ్యన్నీ బ్రాందీ సీసాలంట గదే, ఎవులు తాగీసినారు?" అని అత్త షోకేసు చూపించింది. నేను మా ఆయనకేసి చూశాను. సీసాలు బ్రాందీవేనన్నట్టు ఆయన తలూపారు. ఓనరమ్మగారి కూరగిన్నెలూ, కుళాయి దగ్గర జరిగిన బిందెలూ, ఎదురింటావిడ నిట్టూర్పూ, వెనక సందూ, అన్నీ ఒక్కసారి నా మీద పడ్డాయి. సిగ్గుతో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చిట్టి తలలో పూలు తీసి జంతికల పళ్లెం పక్కన పెట్టి, లోపలికెళ్లి గోడవైపు తిరిగి పడుకుంది. అది నన్ను నాలుగు తిట్టినా బాగుండేది.

మర్నాడు మా ఆయన పోర్టుకి సెలవు పెట్టారు, ఎందుకంటే కూర్మన్నపాలెం తీసుకెళ్తే గానీ అన్నం ముట్టనని నేను కూర్చున్నాను. సంచిలో ఓ ఉత్తసీసా, పురికొస ఉండా, జిగురూ, గవ్వలూ పెట్టుకున్నాను. బస్సు కుదుపుకి సీసా సీటు కడ్డీకి తగిలి టింగుమన్నప్పుడల్లా నాకు ప్రాణం పోయింది, బస్సంతా నన్నే చూస్తోందేమోనని. వాళ్లింట్లోకి వెళ్లగానే నేలమీద కూలబడి, సంచి బోర్లించి, చుట్టడం మొదలెట్టాను. కళ్లనీళ్లు పురికొస మీద పడుతున్నాయి, జిగురు అంటుకోవడం లేదు. "బండివోడి కాడ కొన్నానమ్మగారూ. సరబత్తు సీసాలనుకున్నాను. నాకు తెలీదు. మా చిట్టికి అన్యాయం సెయ్యకండి" అన్నాను. సరబత్తు అన్నమాటకి కుర్రాడి తండ్రి మొహం అటు తిప్పుకున్నాడు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

కుర్రాడి తల్లి లేచి నా పక్కనే చతికిలబడింది. "లెగమ్మా. నాకు రాత్రే తెలిసిపోనాది" అంది. "తాగినోళ్లు సీసాలు దాసుకుంతారు గానీ ముందుగదిలో పెట్టి నెమళ్లు యేత్తారేటి? ఇంకో సంగతి. మీ ఇంటికాడ్నుంచి వచ్చినంతసేపూ మా తమ్ముడు ఏ సీసా ఏ సరుకుదో గడగడా సెప్పేసినాడు. ఈడికెలగ తెలుసునా అని నాను దారంతా ఆలోసిత్తనే ఉన్నాను. ఇంటికొచ్చి పెరట్లో కట్టెలు కదిపి సూసినాను." ఆవిడ లోపలికెళ్లి ఓ గోనెసంచి ఈడ్చుకొచ్చి నా ముందు కుమ్మరించింది. గలగలా దొర్లాయి. "ఇదిగో, నీకు కూజాలకి పనికొత్తాయి" అంది. మేనమామ అప్పటికే చెప్పులు చేత్తో పట్టుకుని వీధి చివర ఉన్నాడు. కుర్రాడి తండ్రి ఆపుకోలేక బయటికే నవ్వేశాడు. "బావా అని సెవిలో ఊదినాడు గదా, అందుకే అంత నమ్మకంగా ఊదినాడన్నమాట" అన్నాడు. చిట్టి పెళ్లి ఆ వైశాఖంలోనే అయింది. దాని ముందుగదిలో నా నెమలి కూజా ఉంటుంది. వచ్చినవాళ్లకి కథ చెప్పి మరీ చూపిస్తుంది, నేను వంటింట్లోకి పారిపోతాను.

ఆ రోజు తిరుగు బస్సులో మా ఆయన్ని అడిగాను. "మీకు మొదట్నుంచీ తెలుసు. వీధంతా మిమ్మల్ని తాగుబోతనుకుంతంటే ఎందుకు సెప్పలేదండీ?" ఆయన కిటికీలోంచి చూస్తూ, "సెప్దామనే అనుకున్నాను. ఆ మొదటిదాన్ని కిటికీలో పెట్టి, అటు నుంచి ఓసారి ఇటు నుంచి ఓసారి సూసుకుని నవ్వినావ్. కాపరానికొచ్చినాక నువ్వు నవ్వడం అదే మొదలు. మరి నోరు రాలేదు" అన్నారు. నేను గిన్నెలు విసిరింది నిన్న పొద్దున్నే కదా. బస్సులో అందరూ ఉన్నారని కూడా చూడకుండా ఏడ్చేశాను. ఇంటికెళ్లాక సీసాలన్నీ గోనెలో వేస్తుంటే, ఆ మొదటిదాన్ని ఆయనే తీసి మళ్లీ కిటికీలో పెట్టారు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. ఎక్కడైనా అందమైన ఖాళీ సీసా కనిపిస్తే ముందు మూత తీసి వాసన చూస్తాను. చూసి, ఛీ ఛీ అనుకుంటాను. అనుకుని, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, సంచిలో వేసుకుంటాను. ఇంటికి తెచ్చాక ఆయన అదే మొహంతో "ఏటిది?" అంటారు. నేను సిగ్గుపడుతూనే "పూలకూజా అండీ" అంటాను. "బాగుంది" అంటారాయన.