నీళ్లు పోస్తే తేలే రంగు

మా నడిమింటి పక్క రూములో ఒక టీచరమ్మ బాడిగకుండాది. ఇంటర్నెట్‌లో లోకం సంగతులన్నీ రాసిపెట్టే పెద్ద పుస్తకం ఒకటి ఉండాదంట. దాంట్లో పెట్టే ఫోటోలు బాగుండాయా లేదా అని యాడాడో వాళ్లంతా కూడి ఓట్లేస్తారంట. ఈయమ్మ కూడా ఏస్తాది. సాయంత్రం బడి నుంచి వచ్చి, కాళ్లు కడుక్కొని, నా పక్కన కూసోని ఫోన్ తీసేది.

"అవ్వా, ఇది సూడు. ఎప్పటిదో పాతకాలం నేల. సన్న రాళ్లు అతికి నెమలిని సేసినారు."

నాకు సదువు రాదు. నా మొగుడు మొజాయిక్ మేస్త్రీ. ఆదోనిలో, ఎమ్మిగనూరులో ఎన్ని ఇండ్లకు నేల పరిచినాడో. ఆయన పోయినాంక ఇంట్లో మాటాడే మనిషి లేదు. టీవీ అరుస్తాంటాది, దానికే నేను బదులు సెప్తాంటా. ఆ టీచరమ్మ పక్కన కూసునే కొంచేపటి కోసం పొద్దున్నించి కాసుకోనుండేదాన్ని. బొమ్మలు ఒక సాకు.

"ఈ నెమలి వద్దంటాండారు అవ్వా. రంగు లేదంట."

నిజమే, బూడిద పూసినట్లుండాది. "నీళ్లు కొట్టలేదు, అందుకే" అంటి. మా ఆయన పాలిష్ అయినాంక బకెట్ నీళ్లు కుమ్మరించి, అప్పుడు పిలిసేవాడు ఇంటి వాళ్లను. మొగం కడిగితే గదా పెండ్లికూతురు తెలిసేది అనేవాడు.

"ఫోటోకు యాడ పోస్తావవ్వా నీళ్లు!" అని నవ్వుకుంటా, ఫోన్ నా పక్కన పెట్టి టీ తెచ్చేకి లోపలికి పాయె.

నేను సెంబులో సెయ్యి ముంచి ఆ ఫోన్‌ను తుడిస్తి. అది అద్దమని బుద్ధికి తెలుసు. సెయ్యికి తెలీదు. గట్టిగా రుద్దితి. నెమలి పాయె, ఫోన్ నల్లగాయె.

"ఏం పని సేసినావవ్వా!"

ఆదోనికి పోయి బాగు సేయించుకొని వచ్చినాది. తిట్టలేదు. తిట్టింటే బాగుండు. అప్పటి నుంచి తలుపేసుకొని బొమ్మలు లోపలే సూసుకునేది. నేను ఈడ ఉండానని తెలియాలని టీవీ ఆపి దగ్గేదాన్ని.

ఒకనాడు ఆయమ్మ వచ్చే యాళకు నడిమింటి నిండా నీళ్లు పోస్తి. మా నేలకు బొమ్మా లేదు, ఏమీ లేదు. ఊర్లో వాళ్ల ఇండ్లల్లో మిగిలిన రాళ్లన్నీ తెచ్చి మా ఆయన పరిచినాడు. ఎరుపు, పచ్చ, నలుపు, ఎట్ల దొరికితే అట్ల.

"ఏందవ్వా ఇది, జారిపడి సస్తావు!"

"రంగు సూడు పాపా."

సెప్పులు సేతిలో పట్టుకొని సూసినాది. "బాగుండాది" అన్నది.

"ఆ నెమలి ఏమాయె?"

"ఓడిపోయిందవ్వా."

"ఇంకో బొమ్మ రాదా?"

"వస్తానే ఉంటాయి. నాకే బడి పని ఎక్కువాయె."

మునివేళ్ల మీద నడుసుకుంటా పోయి తలుపేసుకున్నాది. ఆయమ్మ అడుగులు కొంచేపు కనపడె. ఫ్యాన్ గాలికి నేల ఆరతా వచ్చె. ఎరుపూ పచ్చా మళ్లా ఒకటే మాదిరి అయిపాయె.

నేను లేసి ఇంకో సెంబు నీళ్లు తెచ్చుకొంటి.