వెనకడుగు తాత పురికొల్పిన తీరు

"నా భయమే పిల్ల గుండెకి ఎక్కుతోందేమో."

పైకి అనేశాక ఆ తల్లికి తనమీద తనకే చిరాకేసింది. నీళ్ళ పరీక్షశాలలో ఉద్యోగం, సీసాలో ఏముందో ఒక్క చుక్కతో తేల్చేసే చదువు. అలాంటి మనిషి, భయం ఒక గుండెలోంచి ఇంకో గుండెలోకి కారుతుందని నమ్మడమేమిటి? కానీ నమ్ముతోంది. రెండేళ్ళ కూతురి గుండెలో చిన్న రంధ్రం ఉందని తెలిసి నెలైంది. ఇలాంటిది నూటికి ఎనభైమందిలో దానంతటదే మూసుకుపోతుందని, మూడు నెలలాగి చూద్దామని డాక్టరు అన్నాడు. ఆ మూడు నెలలూ ఆగడం ఎలాగో మాత్రం చీటీలో రాయలేదు.

ఈ సంగతి చర్చి సంఘంలో చెప్పడం ఆవిడ చేసిన పొరపాటు. మర్నాడే ప్రోత్సాహ విభాగం దిగింది.

విభాగమంటే ఐదుగురు. ఎవరైనా కుంగిపోయారని తెలిస్తే చాలు, సాయంత్రం ఐదింటికల్లా ఆ గుమ్మంలో పది చెప్పులుంటాయి. సంఘం కార్యదర్శిగారు భయపడటమంటే అవిశ్వాసమే అన్నారు. ఇంకొకరు ఇలా ఎందుకైందో తల్లిదండ్రులు తమని తాము పరిశీలించుకోవాలన్నారు, గోరుచుట్టు మీద రోకటిపోటులా. కార్యదర్శిగారి భార్య మాత్రం నిజంగా ధైర్యం చెప్పాలనే వచ్చింది. తన తోటికోడలి అక్క మనవరాలికీ అచ్చం ఇంతేనంది. తల్లి ఆశగా ముందుకి జరిగి, ఆ పాప ఇప్పుడెలా ఉందని అడిగింది.

"పోయిందమ్మా. కానీ ఆఖరిదాకా నవ్వుతూనే ఉంది."

తర్వాత ఐదుగురూ టీ తాగి, కొండంత ధైర్యం ఇచ్చామన్న తృప్తితో లేచారు. ఇలా నాలుగుసార్లు జరిగింది. నాలుగోసారి వాళ్ళు వెళ్ళాక తల్లి తన చదువుకి తగ్గట్టు లెక్క తీసింది. రాకలు నాలుగు, బైబిలు వాక్యాలు పదకొండు, అడిగిన ప్రశ్నలు సున్నా. పిల్ల పేరైనా ఎవరికీ పట్టలేదు. ఫలితం తేలిపోయింది. ఇక ఆదివారం గడప దాటేది లేదు. ప్రార్థన కూడా ఆగిపోయింది, నోరు తెరిస్తే కార్యదర్శిగారి గొంతే వినిపిస్తోంది మరి. భర్తతో చెబితే కొన్నాళ్ళాగి చూద్దామన్నాడు. ఆగమనడం అతను డాక్టరు దగ్గర నేర్చుకున్నాడు.

సరిగ్గా ఆ వారమే వెనకడుగు తాతని విభాగంలోకి తీసుకున్నారు.

తాత నారతాళ్ళు పేనే మనిషి. పొడవాటి రేకుల షెడ్డు, దాని ఒక కొసన చక్రం. చక్రం పిడి ఒకరు తిప్పుతుంటే, తాత నడుముకి నారకట్ట చుట్టుకుని, వేళ్ళ సందున నార వదులుతూ వెనక్కి వెనక్కి నడిచేవాడు. అలా నలభై ఏళ్ళు. ఆ నడక ఆయనకి రెండు అరిగిన మోకాళ్ళనీ, ఈ పేరునీ మిగిల్చింది. విశ్వాసంలో వెనకడుగు వేయకూడదని పాస్టరుగారు ప్రసంగించినప్పుడల్లా జనం తాతవైపు తిరిగి, నవ్వాపుకుంటూ మూతులు బిగించుకునేవారు. తాను వెనక్కి నడిస్తేనే తాడు ముందుకి పెరిగేదని ఆయన నెమ్మదిగా జవాబిచ్చేవాడు.

ఆయన్ని విభాగంలోకి లాగింది ఒక మాట. సంఘం ఆ ఏడాదికి 'పురికొల్పు' అన్న మాట ఎంచుకుని, గుడ్డమీద రాయించి గోడకి కట్టింది. దాని అర్థం ఎవరికి తెలుసని పాస్టరుగారు అడిగితే తాత చెయ్యెత్తాడు. పురి అంటే నారకి ఎక్కించే మెలిక అన్నాడు. పురి లేని నార దువ్వెనకి చిక్కిన జుట్టులాంటిది, లాగితే ఊడొస్తుంది. ఒక్కడే నిలబడి ఎక్కించేది కాదు, అవతలి కొస ఇంకెవరో పట్టుకోవాలి. పట్టుకున్నవాడు వదిలేశాడో, ఎక్కిందంతా గిర్రున విప్పుకుంటుంది.

అక్కడితో ఆగితే బాగుండేది. తాత తన భార్య సంగతి కూడా ఎత్తాడు. ముప్పై ఏళ్ళు చక్రం తిప్పింది ఆవిడే. ఆవిడ చనిపోయిన వారం సంఘమంతా వచ్చి పరలోకం గురించి చెప్పి వెళ్ళారట. పక్కింటాయనకి నత్తి. పాపం ఒక్క వాక్యమూ పూర్తిచేయలేక, మర్నాడు పొద్దున్నే షెడ్డుకొచ్చి చక్రం పిడి పట్టుకున్నాడట. రెండు నెలలు తిప్పాడట.

"ఆయనకి నత్తి లేకపోయుంటే నేనేమైపోయేవాణ్ణో," అని తాత కూర్చున్నాడు.

జనం నవ్వారు. ఉదాహరణ బహు బాగుందని మెచ్చుకున్న కార్యదర్శి, తాతని ఆరో సభ్యుడిగా వేసుకుని, ఎలాంటి ఇంట్లో ఏం చెప్పాలో రాసిన కాగితం చేతికిచ్చాడు.

తాత వచ్చేసరికి తల్లి పిల్లకి పాలు పట్టిస్తోంది. మళ్ళీ గుమ్మంలో చెప్పులు చూసేసరికి ఒళ్ళు మండింది. చెప్పేదేదో త్వరగా చెప్పెయ్యండి తాతగారూ, నాకు పనుందంది.

"కాగితం తెచ్చాను గానీ కళ్ళజోడు మర్చిపోయానమ్మాయీ. నువ్వే చెప్పు. పాపనేమని పిలుస్తారు?"

చిట్టి అంటామంది. చిట్టి వచ్చి తాత అరచేతిలో కాయలు గాసిన చోటల్లా గోటితో గీకి చూసింది. తల్లి డాక్టరు మాటల్ని పాఠంలా అప్పజెప్పింది. నూటికి ఎనభైమందికి మూసుకుపోతుంది కాబట్టి భయపడాల్సిందేమీ లేదని, తనకి తానే ప్రోత్సాహ విభాగమై ముగించింది.

"మరి మిగతా ఇరవైమంది సంగతేమిటి?" అన్నాడు తాత.

ఇంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అది. వచ్చినవాళ్ళందరూ ఎనభై దగ్గరే దిగిపోయారు. నెలరోజులుగా ఆవిడ ఆ ఇరవైలో ఒంటరిగా కాపురముంటోంది. చెప్పడం మొదలుపెట్టింది. ఆపరేషన్ గురించి, అంత చిన్న ఛాతీ మీద కత్తి గురించి, నిద్రపోతున్న పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం గురించి. చివరికి, ప్రార్థన రావడం లేదని కూడా చెప్పేసి, చీవాట్ల కోసం ఎదురుచూసింది.

"నాకూ భయమేస్తోంది ఇప్పుడు," అన్నాడు తాత. "నీకు వచ్చేదాకా ప్రార్థన నేను చేస్తుంటాలే. ఆసుపత్రికి ఏ రోజు?"

అప్పట్నుంచి ప్రతి మంగళవారం వచ్చాడు. ఏ వాక్యం చెప్పావని కార్యదర్శి అడిగితే, బట్టలు ఆరేశానన్నాడు. నివేదికలో దానికి గడి లేదు. కార్యదర్శి కాసేపు ఆలోచించి, 'ఇతరములు' కింద రాసుకున్నాడు.

పరీక్ష రోజున తాత ఆసుపత్రి బెంచీ మీద మోకాళ్ళు రుద్దుకుంటూ కూర్చున్నాడు. రంధ్రం చిన్నదైంది, మూసుకోలేదు. ఆరు నెలలాగి రమ్మన్నారు. ఏడవాలో నవ్వాలో తెలియక తల్లి లిఫ్టు దగ్గర నిలబడిపోయింది. ఆరు నెలలంటే ఎన్ని మంగళవారాలని తాత అడిగాడు. ఇరవై ఆరంది. సరే వస్తానన్నాడు, సంతకెళ్ళొస్తానన్నంత తేలిగ్గా. అక్కడే, లిఫ్టు వచ్చేలోగా, ఆవిడ నోట రెండు మాటల ప్రార్థన వచ్చింది. గొంతు ఆవిడదే. ఆ ఆదివారం పిల్లనెత్తుకుని వెళ్ళి ఆఖరి బల్ల మీద కూర్చుంది.

ఇప్పుడు విభాగంలో ఏడుగురు. ఏడో మనిషి ఆవిడే. ఉద్యోగం పోయిన ఒకాయన ఇంటికి మొదటిసారి బయల్దేరినప్పుడు, చంకలో పుస్తకం, నాలుక మీద అవే పదకొండు వాక్యాలు పెట్టుకుని, ఏం చెప్పమంటారని తాతనడిగింది. తాత చెప్పింది ఇంతే, ఆవిడ ఈనాటికీ చేస్తున్నదీ ఇదే:

"ముందు వాళ్ళ భయాన్ని పూర్తిగా చెప్పనివ్వు, మధ్యలో దూరకు. అప్పటికీ నీ మంచిమాట అవసరం మిగిలుంటే చెప్పు. చెప్పినా చెప్పకపోయినా, మళ్ళీ ఏ రోజు రమ్మంటారో అడక్కుండా మాత్రం గుమ్మం దిగకు."