పిడికిట్లో గెనుసుగడ్డ

ఊరంతా నా మాటలకు నవ్వేది గానీ, ఎనిమిది నెలల నా కూతురు నేను పెట్టిన మెత్తటి ముద్దను నా చొక్కా మీదికే ఊసేది. అయిదో తరగతి పంతులు తర్వాత నన్ను అంత తేలిగ్గా ఓడించింది అదే. పిల్ల చిక్కిపోతున్నదని మాకు ఒకటే దిగులు.

అరవైతొమ్మిది తెలంగాణ గొడవలు చల్లబడ్డ మరుసటి ఏడు. మహబూబాబాద్ స్టేషన్‌లో నా భార్య టికెట్లకు ఆడవాళ్ల వరుసలో నిలబడింది, పిల్ల నా ఒళ్లో ఉంది. నా పక్కన గార్ల వైపు పోయే బండి కోసం కూర్చున్న తండా అక్క ఒకామె, ఉడికిన గెనుసుగడ్డను వేలంత ముక్క చేసి, నోట్లో కాదు, పిల్ల పిడికిట్లో పెట్టింది. పిల్ల కొరికింది. వెంటనే ఓకరించి, దగ్గి, ఎర్రబడింది. నేను దాని నోట్లో వేలు పెట్టబోతే ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"ఆగన్నా. దగ్గుతాంది గద, అదే సూసుకుంటది."

పిల్ల ముక్కను నాలుకతో ముందుకు తోసుకుని, చిగుళ్లతో మెదిపి, మింగింది. మళ్లీ తన చెయ్యి తానే నోటికెత్తుకుంది. అంత చిన్న ప్రాణికి ఇంత తెలుసా అని నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

బండొచ్చి ఆమె వెళ్లిపోయింది. నా భార్య రాగానే జరిగిందంతా చెప్పి, "పొల్లకు తినుడు నేర్పిన" అని ఛాతీ విరిచాను.

"పొల్లకు ముందే ఎరుక," అంది. "ఆ అక్క నేర్పింది నీకు, చేతులు ముడుసుకొని కూసునుడు."