చింతచెట్టుకు కుడితి

ఎదుట ఏది బక్కగా కనిపించినా మా అమ్మ చేతులు ఊరుకోవు. కోస్తాలో పాడి ఉన్న ఇంట్లో పుట్టిన మనిషి. సికింద్రాబాదులో మాకు గేదె లేకపోయినా కుడితి కుండ మాత్రం ఉండేది. బియ్యం కడుగు, గంజి, తవుడు అందులో పోసి పక్కింటివాళ్ల గేదెకు పెట్టేది. భోజనాల దగ్గర మేం వద్దని చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి వడ్డించేది. 'చాలా?' అని అడగడం ఆవిడకు తెలియదు.

అలాంటి ఇంట్లోకి మా అన్నయ్య జానెడు చింతచెట్టును తెచ్చాడు. నాన్నగారు బొల్లారంలో ఒక దొరసానికి తెలుగు నేర్పేవారు. ఆవిడ దేశం వదిలి వెళుతూ, తన తోటలో ఎప్పుడూ మొక్కల వెంటే తిరిగే అన్నయ్యకు దాన్ని ఇచ్చింది. బోన్సాయ్ అనే మాట మాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పట్లో పొట్టిచెట్టు అనేవాళ్లం. లోతులేని మట్టి పళ్లెంలో, బెరడు పగిలి, అచ్చం పెద్ద చెట్టులాగే ఉండేది. దానికి అన్నయ్య వేసే ఎరువు చూస్తే అమ్మకు ఒళ్లు మండేది. బాగా మాగిన పశువుల ఎరువు జల్లించి చిటికెడు, ఎముకల పొడి అంతకన్నా తక్కువ. అదీ చిగుళ్లు వేసే రోజుల్లోనే. దాని నోరు కట్టేసి పెంచుతున్నాడని అమ్మ సణిగేది.

అన్నయ్యది రైల్వేలో సిగ్నల్ పని. డోర్నకల్ వైపు లైను మీదికి పంపినప్పుడు చెట్టును అమ్మకే అప్పగించాడు.

"ఆకులు రాలితే పరేషాన్ కాకమ్మా. నీళ్లు జెర తగ్గించు. ఎరువు మాత్రం పెట్టకు. నీరసపడ్డ చెట్టుకు తిండి అరగదు."

అమ్మ తలూపింది. ఆ తలూపుడు మీద నాకు అప్పుడే నమ్మకం లేదు.

తర్వాత, నలభై ఎనిమిది వానల్లో, రైళ్లు ఆగిపోయాయి. ఆ లైను మీద ఏమేమో జరుగుతున్నాయని ఊరంతా గుసగుసలు. ఉత్తరం లేదు. నాన్నగారు రోజూ స్టేషన్‌కు వెళ్లి, అడగడానికి మనిషి దొరక్క తిరిగొచ్చేవారు. చర్చిలో ప్రార్థన చేయించాం. సరిగ్గా ఆ ముసురులోనే చెట్టు ఆకులు పండుబారి రాలడం మొదలైంది. చెట్టు నిలబడితే కొడుకు వస్తాడని అమ్మ మనసులో పెట్టుకుంది. పైకి ఎప్పుడూ అనలేదు. కానీ పొద్దున లేస్తూనే, బైబిలు ముట్టకముందే, దాని దగ్గరికి వెళ్లేది.

ఒకరోజు పక్కింటావిడ చూసి, "ఏందక్కా, గిట్ల ఎండుతున్నది? ఏమన్న పెడుతున్నవా లేదా?" అంది. పాపం, మంచికే అడిగింది. అమ్మకు అది చాలు. గేదెలకు పెట్టే తెలగపిండి నానబెట్టి, కడుగులో కలిపి, చిక్కటి కుడితి చేసి పళ్లెంలో పోసింది. అన్నయ్య చెప్పింది నేను గుర్తుచేశాను.

"ఆకలితో ఉన్నదాన్ని చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదే," అంది. కుండ అడుగున మిగిలింది కూడా వంచేసింది.

ముసురులో మట్టి ఆరలేదు. పిండి పులిసింది, ఈగలు మూగాయి. ఆకులు ఇంకా రాలాయి. అమ్మ ఇంకొంచెం పోసింది. చివరికి నాన్నగారు పైమట్టి గీకి కొత్తమట్టి వేశారు గాని, వేళ్లకు పట్టినదాన్ని ఎలా తీస్తాం? గేదె తినకపోతే కుండ పక్కకు లాగొచ్చు, చెట్టుకు అలా కుదరదు. ముగ్గురం వరండాలో దాని చుట్టూ కూర్చుని చూశాం. చెట్టుకైనా, అన్నయ్యకైనా, అంతకుమించి మేం చేయగలిగింది లేదు. అంత చేతకానితనం నేను మళ్లీ ఎప్పుడూ అనుభవించలేదు.

యూనియన్ సైన్యం వచ్చిందన్నారు, అంతా అయిపోయిందన్నారు. వీధిలో కొందరు సంబరపడ్డారు, కొందరు తలుపులు వేసుకున్నారు. మా వరండాలో ఒట్టి కొమ్మలు మిగిలాయి. అమ్మ ఏడవలేదు. స్టేషన్ నుంచి వచ్చిన నాన్నగారిని కబురేమిటని అడగడం మాత్రం మానేసింది. నాకు అది చూస్తేనే ఎక్కువ భయం వేసింది.

మళ్లీ రైళ్లు నడిచాక ఒక మధ్యాహ్నం అన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు. జ్వరంతో ఏదో చిన్న స్టేషన్లో పడి ఉన్నాడట. అమ్మ పట్టుకుని వదల్లేదు. కాసేపటికి అన్నయ్య చెట్టు దగ్గరికి వెళ్లి గోటితో బెరడు గీరాడు. లోపల పచ్చదనం లేదు. మట్టి వాసన చూశాడు. అమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఆకలేస్తోందమ్మా," అన్నాడు.

అమ్మ అన్నం పెట్టి పప్పు వేసింది. అన్నయ్య నెమ్మదిగా, కష్టంగా తిన్నాడు. అమ్మ మళ్లీ గరిటె నింపి, అలవాటుకొద్దీ కంచం మీదికి తెచ్చింది. అన్నయ్య చెయ్యి అడ్డం పెట్టలేదు. గరిటె గాల్లోనే ఆగింది.

"చాలా, నాన్నా?" అని అడిగింది.

అన్నయ్య ఇంకొంచెం వెయ్యమన్నాడు. అమ్మ వరండాలోని ఒట్టి కొమ్మల వైపు చూసింది. గరిటె పట్టిన చెయ్యి కిందికి దిగలేదు.