నర్సీపట్నంలో దిగిన ఎల్ఫులు

మా వీధిలో నన్ను కోతల మనిషి అంటారు. ఆ పేరు నాకు ఊరికే రాలేదు, ఏళ్ళ తరబడి కష్టపడి సంపాదించుకున్నాను. అయితే యాభైకి దగ్గరపడుతున్న ఆడదాన్ని, మా తమ్ముడి కూతురి పక్కన బాసింపట్టు వేసుకుని వీడియో గేమ్ ఆడతానంటే మాత్రం ఎవరూ నమ్మలేదు. నేను నిజం చెప్పినప్పుడల్లా ఇదే తంతు.

విశాఖలో ఎవరో అమ్మేస్తుంటే మా తమ్ముడు పాత గేమ్ బాక్సు ఒకటి కొనుక్కొచ్చాడు. తను ఆడుకుందామనే తెచ్చాడు పాపం. కొద్దిరోజులకే అది నాదీ, అప్పుడు ఏడో తరగతి చదువుతున్న నా మేనకోడలిదీ అయిపోయింది. వాడికి సీరియళ్ళు కూడా దక్కకుండా పోయాయి.

అందులో ఉత్తరాన ఎక్కడో మంచుదేశాల పాత కథల్లోని ఎల్ఫులుంటారు. వాళ్ళు మనుషులూ కారు, దేవతలూ కారు, మన యక్షుల్లాంటి ఓ జాతి అనుకోండి. పాత కథల ప్రకారం వెలుగు ఎల్ఫులు సూర్యుడికన్నా అందగాళ్ళు, చీకటి ఎల్ఫులు తారుకన్నా నల్లనివాళ్ళు. తెల్లవాళ్ళ కాపురం పైన, నల్లవాళ్ళ కాపురం నేల కింద. ఎవరు మంచివాళ్ళో వేరే చెప్పక్కర్లేదు కదా! ఆట తయారుచేసినవాళ్ళు అక్కడే ఒక మెలిక పెట్టారు. ఆ లోకంలో ఒక వెలుగు బావి. దాని చుట్టూ తెల్లవాళ్ళు గోడ కట్టుకున్నారు. నల్లవాళ్ళకి దీపం పురుగులకున్నట్టు రెక్కలు. పాపం, ఆ వెలుగు కోసం కింది నుంచి సొరంగాలు తవ్వుకుంటూ ఉంటారు. మనం తెల్లవాళ్ళ తరఫున కత్తి పట్టుకుని వెళ్ళి వాళ్ళని నరకాలి.

నరికాం. జంతికలు తింటూ మరీ నరికాం. ఒకరోజు సొరంగం చివరిదాకా వెళ్ళేసరికి అక్కడ సైన్యం లేదు. వరసగా చిన్నచిన్న ఉయ్యాలలు, ఒక్కో ఉయ్యాల మీద వేలెడంత దీపం. గోడ సందుల్లోంచి కారిన వెలుగుని చుక్కచుక్కగా పట్టి, పిల్లల కోసం దాచుకున్నారన్నమాట.

పిల్ల రిమోటు కింద పెట్టేసింది.

"అత్తా, మనం ఇన్నాళ్ళూ ఎవల్ని సంపుతున్నాం?"

సమాధానం లేనప్పుడు నాకు కథ వస్తుంది. "ఓసి పిచ్చిదానా, ఆ నల్లోళ్ళంతా మనవాళ్ళేనే," అన్నాను. "ఎల్ఫులంతా ఒకప్పుడు ఆ మంచుదేశం నుంచి బస్సెక్కీసినారు. మన ఊరి ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు ఆగింది. తెల్లోళ్ళు ఈ ఎండకి ఆగలేక నేరుగా లంబసింగి పోయి మంచులో దాక్కున్నారు. నల్లోళ్ళు మాత్రం కండక్టరుతో దెబ్బలాడి ఇక్కడే దిగిపోనారు. టీ తాగినారు, జీడితోటల్లో పనికి కుదిరినారు. నీదీ నాదీ ఈ రంగు వాళ్ళదే."

"కండక్టరుతో దెబ్బలాటెందుకు?"

"సిల్లర ఇవ్వలేదు."

పిల్ల పకపకా నవ్వింది. కానీ ఆ రోజు నుంచి అది చీకటి ఎల్ఫుల పార్టీ.

అదే రోజుల్లో బడి వార్షికోత్సవం వచ్చింది. పిల్ల తరగతిలో ఈ ఎల్ఫుల కథంతా చెప్పిందట. ఇంగ్లీషు మేడమ్ ముచ్చటపడి నాటకం రాశారు. చీకటివాళ్ళుంటే చిన్నపిల్లలు దడుచుకుంటారని వాళ్ళని మొత్తం ఎత్తేశారు. మిగిలింది ఒక ఎల్ఫు రాణి, ఆవిడ చెలికత్తెలు, నాలుగు చెట్లు. ఇంగ్లీషు డైలాగులు తడుముకోకుండా చెప్పేది మా పిల్లే కాబట్టి రాణి వేషం దానికే వచ్చింది.

ఇంట్లో ఆ కబురు విని మా అమ్మ గుండెలు బాదుకుంది. "ఓలమ్మో, ఆడపిల్లకి ఎలుగ్గొడ్డు ఏసమేటే?"

"ఎలుగు కాదమ్మా, ఎల్ఫు."

"అదే సెప్తన్నాను, ఎలుగే! మొన్న కొండ దిగొచ్చి తోటలో పడ్డాది గదా. దానికి రాణేటి, నా మొహం!"

అసలు గొడవ రిహార్సల్లో మొదలైంది. ఎల్ఫు రాణి వెన్నెల్లా ఉండాలి కాబట్టి ముఖానికీ చేతులకీ తెల్లరంగు వేస్తామన్నారు మేడమ్. పిల్ల వద్దంది. రంగు వేసుకోకపోతే రాణి వేషం వేరే అమ్మాయికిచ్చి, దీన్ని చెట్టుగా నిలబెడతామన్నారు. పిల్ల ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. రాణి వేషం పోతుందని కాదు దాని బెంగ. తన ముఖంతో రాణి కావాలి దానికి. అంతే.

మా మరదలు మేడమ్ పక్షం. "కాస్త రంగు పూస్తే ఏటయిపోద్ది వదినా? రేపు ఫొటోలు సూసి జనం నవ్వితే ఏడ్చేది ఇదే గదా!" దాన్నీ తప్పు పట్టలేను. పెళ్ళయి మా ఇంటికొచ్చిన కొత్తలో అది కూడా నా ముఖానికి సున్నిపిండి సలహాలు చెప్పింది. ఆ సున్నిపిండితో నేను గిన్నెలు తోముకున్నాను.

మర్నాడు పిల్లని వెంటబెట్టుకుని బడికి వెళ్ళాను. మేడమ్ మంచావిడే, కుర్చీ వేయించి మర్యాదగానే మాట్లాడారు. "నాకు తేడాల్లేవండీ. కానీ స్టేజి మీద లైటింగులో నలుపు కనిపించదు. ముఖం తెలియకపోతే నటన ఏం తెలుస్తుంది చెప్పండి?"

నేను నోరు తెరిచేలోగా పిల్ల అందుకుంది. "అయితే ఇంకో లైటెయ్యండి మేడమ్."

ఆవిడ నా వైపు చూశారు, పెద్దదాన్ని కదా, మందలిస్తానని. నేను ఫ్యాను వైపు చూశాను.

"రంగు వేసుకుంటేనే రాణి," అన్నారు చివరికి. బయటికొచ్చాక పిల్ల నా చెయ్యి పట్టుకుంది. "అత్తా, నాను ఏసుకుంటాను. స్టేజెక్కే ముందు కడిగీసుకుంటాను. మేడమ్‌ని నువ్వు సూసుకో."

వార్షికోత్సవం నాటి సాయంత్రం తెర వెనకాల పిల్లలంతా వరసగా కూర్చున్నారు. బ్యూటీషియన్ ఒక్కొక్కరికీ గోడకి వెల్ల వేసినట్టు వేసుకుంటూ పోతోంది. మా పిల్లా వేయించుకుంది. నాటకం పేరు మైకులో పిలవగానే అది కుళాయి వైపు నడిచింది. అదే క్షణంలో మేడమ్ దాని కోసం అటే రావడం చూశాను. పరిగెత్తి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"మేడమ్, స్టేజి కింద పాము!"

"ఏంటీ!"

"ఇంత లావు. నా కళ్ళతో చూశాను, బల్లల సందులోకి దూరింది. పైగా ఒక్కతే కాదు, వెనకాల దాని మొగుడు కూడా." ఆవిడ ముఖం ఏ రంగూ అక్కర్లేకుండానే తెల్లబడింది. వాచ్‌మన్‌నీ డ్రిల్లు మాస్టారినీ కేకేసుకుంటూ స్టేజి చుట్టూ తిరిగారు. డ్రిల్లు మాస్టారు కర్రతో బల్లల కింద పొడుస్తుంటే నేను పక్కనుండి, "అటు కాదండీ, ఇటు," అని దారి చూపిస్తూనే ఉన్నాను. ఈలోగా తెర లేచింది. నేను పరుగున వెళ్ళి జనంలో మా మరదలి పక్కన కూలబడ్డాను.

తెల్లటి చెలికత్తెల మధ్యలోకి మా పిల్ల తన ముఖంతో నడిచొచ్చింది, చెంపల మీంచి ఇంకా నీళ్ళు కారుతూ. జనంలోంచి ఒకడు, "ఓలె, కరెంటు పోనాదేటి!" అన్నాడు. నవ్వులు. మేడమ్ స్టేజి పక్కనుంచి, "స్టార్ట్, స్టార్ట్," అంటున్నారు. పిల్ల స్టార్ట్ చెయ్యలేదు. లైటు చెలికత్తెల మీదుంది. అది నీడలో నిలబడి, మాకవరపాలెం నుంచి వచ్చిన లైటింగాయన కేసి చెయ్యి చాపి, తన మీదికి తిప్పమన్నట్టు వేళ్ళు ఆడించింది. నవ్వులు పెరిగాయి. అది కదల్లేదు. నా పక్కన మా మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది. నాకైతే ఆ కొద్దిసేపట్లో ఒక్క కథ కూడా తోచలేదు.

లైటు కదిలింది. వచ్చి దాని మీద ఆగింది. కనుబొమ్మలూ, కళ్ళూ, బిగబట్టిన పెదవీ అన్నీ చివరి వరస దాకా కనిపించాయి. అప్పుడు మొదలుపెట్టింది డైలాగు. తడుముకోలేదు. మా మరదలు కొంగు తీసి, అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది.

అయ్యాక మేడమ్ నాతో మాట్లాడలేదు. ఆ పాముని వెతకడం మాత్రం మానలేదు.

గేటు దగ్గర షేర్ ఆటో కోసం నిలబడ్డ కృష్ణదేవిపేట ఆవిడొకరు, తన కొడుకు చెట్టు వేషం వేశాడట, మా పిల్లని ఎగాదిగా చూసి నన్ను పక్కకి పిలిచారు. "అందరికీ తెల్లరంగేసి, ఈ పాపకి నల్లరంగేసినారు సూడండీ, బలే పట్టిందండీ. ఎక్కడా ఒక్క సార కూడా పడలేదు. ఏ కంపెనీదండీ?"

"మాయింట్లో తయారైందేనండీ," అన్నాను.

"అలాగా! కడిగితే బేగి పోద్దా?"

పిల్ల నాకన్నా ముందు అందుకుంది.

"పోనివ్వమండీ."