చుక్క కాలిచ్చిన రోజు

నా చిన్నప్పుడు తెనాలి స్టేషను ముందు జట్కాలు బారులు తీరి ఉండేవి. అందులో మా నాన్నది ఒకటి. అమృతలూరు బస్సు తప్పిపోయినవాళ్ళకి, మూటాముల్లెతో రైలు దిగినవాళ్ళకి ఆ బండే గతి. ఆటోల్లో తిరిగే మా మనవరాళ్ళు నవ్వుతారు గానీ, మా ఇంట్లో పొయ్యి మీద ముందు ఉడికేవి గుర్రానికి ఉలవలు, ఆ తర్వాతే మాకు అన్నం.

మా గుర్రం పేరు చుక్క. బండికి కడితే అంత బుద్ధిమంతురాలు ఇంకోటి లేదు. గిట్టలు చెక్కించే రోజు మాత్రం దానికి పూనకం వచ్చేది. మన గోళ్ళలాగే గుర్రానికి గిట్టలు పెరుగుతాయి. చెక్కించి, అడుగున ఇనప లాడాలు కొట్టించకపోతే అడుగు తడబడుతుంది. చుక్క మాత్రం, లాడాలు కొట్టే తాత వచ్చి దాని కాలు పట్టుకుంటే చాలు, గుంజేసి ఎగిరేది. అలా ఒక వెనక గిట్ట పెరిగిపోయి, ఒకరోజు బండినిండా జనంతో వస్తూ నడిరోడ్డు మీద తూలింది. మా నాన్న హడలిపోయాడు. "ఈసారి కాలివ్వకపోతే బాపట్ల బేరగాడికి ఇచ్చేస్తాను. జనం ప్రాణాలతో చెలగాటమా?" అన్నాడు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు.

లాడాల తాత వచ్చిన రోజు వీధి వీధంతా మా దొడ్లోనే ఉంది. ఆయన కాలెత్తగానే చుక్క వణికింది. చూస్తున్న మాకందరికీ జాలేసింది. జాలేస్తే మనవాళ్ళు నోటితో చేసే చప్పుడు ఉంది కదా, "చ్చొ చ్చొ" అని. నాన్న చ్చొచ్చొ అన్నాడు, పక్కింటి అత్త చ్చొచ్చొ అంది, నేనూ ఏడుస్తూ అదే అన్నాను. చుక్క ఒక్క గుంజు గుంజింది. తాత వెళ్ళి కుడితి గాబు పక్కన పడ్డాడు. ఇక లాభం లేదు, పడదోసి నాలుగు కాళ్ళూ కట్టేద్దామని నాన్న తాళ్ళు తెమ్మన్నాడు.

అప్పుడు అరుగు మీంచి మా నాయనమ్మ లేచింది. ఆవిడకి బ్రహ్మచెవుడు. పిడుగు పడితే ఎవరొచ్చారే అని అడిగేది. చెవులు చెయ్యని పని ఆవిడకి కళ్ళు చేసేవి.

"ఏరా, మీరు మూతులు ముందుకు పెట్టినప్పుడల్లా దాని చెవులు మీవైపు తిరుగుతున్నాయి. వెంటనే కాలు గుంజుతోంది. ఏంట్రా దానితో మీరంటున్నది?"

నాన్న తెల్లబోయాడు. రోజూ బండి కదలడానికి ఆయన చేసే చప్పుడూ అదే. కొరడా అక్కర్లేదు, ఆ చప్పుడు చాలు అని స్టేషను దగ్గర గొప్పలు పోయేవాడు కూడా. ఒకాయన కాలు పట్టుకుని ఆగమంటుంటే, మిగతా అందరం పద పద అంటున్నామన్నమాట! మా చుక్క మాట వినక కాదు, విని తిట్లు తింది.

నాయనమ్మ అందర్నీ గోడ అవతలికి తోలేసింది. ఏడుపు ఆపితే ఉండమని నన్ను ఉండనిచ్చింది. చుక్కని గాబు దగ్గరి బురదలోంచి గట్టినేల మీదికి నడిపించింది. భుజం మీద చెయ్యేసి, అక్కణ్ణుంచి వీపు మీదుగా వెనక కాలిదాకా చెయ్యి తియ్యకుండా నిమిరింది. "అంత పైకెత్తకు తమ్ముడూ, నా మోకాలే అంత లేవదు. అది గుంజకముందే నువ్వే దింపి, మళ్ళీ కాలిమ్మని అడుగు" అంది తాతతో.

ఆయన మొహం ముడుచుకున్నాడు. "గుర్రం కాలు పట్టడం నాకు నేర్పుతున్నారా అక్కగారూ?" అని అరిచాడు, పెదాలు ఆవిడకి కనపడేలా తిరిగి.

"వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడు. నీకు గుర్రం దొరికింది, మర్యాదగా పట్టుకో."

తాతకి నవ్వొచ్చింది. కొంచెం ఎత్తాడు, కొంచెం చెక్కాడు, దింపాడు. మళ్ళీ ఎత్తాడు. కాసేపటికి చుక్క మెడ దించి, కాలు వదులుగా ఆయన చేతికిచ్చేసింది. గిట్టని అరగదీసే ఆకురాయి గరగర తప్ప ఇంకో చప్పుడు లేదు. గోడ మీంచి చూస్తున్న నాన్న నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. బాపట్ల మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు. నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

జాలి చెడ్డదని నేననను. అవతలివాళ్ళ చెవికి అది ఎలా వినపడుతోందో చూసుకోవాలంతే. ఆమధ్య మా ఆయనకి పక్షవాతం వచ్చి మళ్ళీ నడక నేర్చుకుంటున్నప్పుడు, చూడవచ్చిన చుట్టాలు చుట్టూ చేరి అయ్యో అయ్యో అన్నారు. ఆయన అడుగు తడబడటం నేను చూశాను. అందర్నీ వసారాలో కూర్చోబెట్టి కాఫీలిచ్చాను. లోపలికొచ్చి ఆయన భుజం మీద చెయ్యేశాను. అలిసిపోయానని ఆయన అనకముందే కూర్చోబెట్టేదాన్ని, కాసేపాగి మళ్ళీ లేవమని అడిగేదాన్ని. ఆ చుట్టాలు నన్ను పొగరుబోతన్నారట. అనుకోనీ. ఇప్పుడు పాలవాడు పిలిస్తే గేటుదాకా ఆయనే వెళ్తున్నారు.